అభ్యర్థి గారు చిన్నప్పుడు స్నానం చేసిన సింకు

"నేల దిగబడి, సింకుతో పాటు నేనూ బేస్‌మెంట్‌లోకి పోతే, పైన ఓవెన్ కట్టేసేదెవరు?" అంది ఆర్డిస్ క్వామీ.

అప్పటికింకా సింకు కొనలేదు. ఏ సింకు కొనాలో కూడా తేలలేదు. అయినా ఆర్డిస్ ముందుచూపున్న మనిషి. తుఫాను సైరన్ నెలకోసారి ఊరికే పరీక్ష కోసం మోగినా సరే, వెళ్ళి మెట్ల కింద కూర్చుంటుంది. అది పరీక్షేనని రేడియోలో చెప్పేదాకా బయటికి రాదు. అరవై ఒక్క ఏళ్ళలో ఆవిడ భయపడినవాటిలో ఒక్కటీ జరగలేదు. కాబట్టి తన భయం బాగానే పనిచేస్తోందని ఆవిడ నమ్మకం.

"నేలకేం కాదమ్మా. ఇది నీ వంటింటి విషయం కాదు. ప్రజల విషయం," అన్నాడు కొడుకు బ్రెంట్.

ప్రజల విషయం ఏమిటంటే, అంతకుముందు ఆదివారం ఫైర్ స్టేషన్‌లో పాన్‌కేకుల విందు జరిగింది. అక్కడ బ్రెంట్ కుర్చీ ఎక్కి, ఆస్పెన్ కౌంటీ కమిషనర్ పదవికి పోటీ చేస్తున్నానని ప్రకటించాడు.

"నేను మట్టిలో పుట్టినవాణ్ణి. మా అమ్మ నాకు పొలం ఇంటి వంటగదిలో, పొట్ట ముందుకి తోసుకుని కూర్చునే ఆ తెల్లటి ఫార్మ్‌హౌస్ సింకులో స్నానం చేయించింది. ఆ సింకులో నేర్చుకున్న విలువల్నే కౌంటీ ఆఫీసుకి తీసుకెళ్తాను," అన్నాడు.

అందరూ ఫోర్కులు కింద పెట్టి చప్పట్లు కొట్టారు. ఆరు నెలల పిల్లాడు సింకులో ఏ విలువలు నేర్చుకుంటాడని ఎవరూ అడగలేదు. మా న్యూ వాస్ ఊళ్ళో అలాంటివి అడగం. మేం మిన్నెసోటా వాళ్ళం, మర్యాదస్తులం. ఎవరైనా కొత్త కర్టెన్లు చూపిస్తే బాగున్నాయంటాం. మరీ భరించలేకపోతే "కొత్తగా ఉన్నాయి" అంటాం. అంతకు మించిన తిట్టు మా దగ్గర లేదు.

బ్రెంట్‌కి మట్టితో సంబంధం లేదని కాదు. రైతులకి వడగళ్ళ బీమా అమ్ముతాడు. ఫోన్‌లో. ఎండుగడ్డి దగ్గరికెళ్తే తుమ్ములొస్తాయి కాబట్టి ఆ పద్ధతి అతనికి బాగా కుదిరింది. పుట్టినప్పుడు వాళ్ళున్నది హార్డ్‌వేర్ షాపు మేడ మీద, రెండు గదుల అద్దె వాటాలో. ఆర్డిస్ అతనికి స్నానం చేయించింది పసుపుపచ్చ ప్లాస్టిక్ టబ్బులో. గిన్నెలు నానబెట్టుకునే టబ్బు. పురిటి కానుకగా ఆ టబ్బు తెచ్చి ఇచ్చింది లోర్నా బ్రెకీ. ఆ లోర్నా మొగుడు డ్వేన్. బ్రెంట్ మీద పోటీకి నిలబడింది ఆ డ్వేనే.

"ఒరేయ్, లోర్నాకి తెలుసురా," అంది ఆర్డిస్.

"ముప్పై ఎనిమిదేళ్ళయిందమ్మా. ఆవిడ ఎప్పుడో మర్చిపోయుంటుంది."

"లోర్నాయా? వాళ్ళ పాకలో నూట ఇరవై ఆవులున్నాయి. ఒక్కోదాని అమ్మమ్మ పేరు కూడా చెబుతుంది."

బ్రెంట్ ఆలోచించాడు. నాయకుడు కాబట్టి త్వరగానే ముగించాడు. కానీ అప్పటికే మా వారపత్రిక సంపాదకుడు హాలిస్ ఫోన్ చేసి, ఆ సింకు ఫొటో తీసుకోవచ్చా, అమ్మగారితో ఒక మాట మాట్లాడొచ్చా అని మర్యాదగా అడిగాడు. అంతకంటే మర్యాదగా బ్రెంట్ సరేనన్నాడు.

"నన్ను అడుగుతాడు," అంది ఆర్డిస్. "అబద్ధం చెబితే నా మెడ ఎర్రబడుతుంది. నిజం చెబితే నీ పని అయిపోతుంది. నేనేం చెయ్యను?"

"ముందు సింకు పెడదాం. నీ వెనకాల సింకు కనిపిస్తుంటే నీకే ధైర్యం వస్తుంది."

సింకు పెట్టాల్సింది ఆర్డిస్ వంటింట్లోనే. బ్రెంట్ సొంత వంటింట్లో అద్దంలా మెరిసే నల్లరాతి గట్టు, తాకితే వెలిగే కుళాయి ఉన్నాయి. అది ప్రజలకి చూపించే వంటిల్లు కాదని ప్రచార మేనేజర్ టెస్ తేల్చేసింది. టెస్ నగరం నుంచి వచ్చిన ఇరవయ్యారేళ్ళ పిల్ల. మూడు ఎన్నికల్లో పనిచేసిన అనుభవం ఉంది. మూడింటిలోనూ నైతిక విజయమే. ఆర్డిస్ భర్త హార్లన్ ఈ విషయంలో అభిప్రాయం చెప్పలేదు. ఆయన స్కూలు బస్సు నడుపుతాడు. తను ఎవరికి ఓటేశాడో తనకే చెప్పుకోని మనిషి. సింకు మాట వినపడగానే గాలం పుచ్చుకుని చెరువుకి పోయాడు.

సింకు ఎంపికకి ఉన్నత స్థాయి సమావేశం ఆర్డిస్ వంటింటి బల్ల దగ్గర జరిగింది. టెస్ బొమ్మలు పరిచింది. స్టీలు, రాగి, పోత ఇనుము, కాల్చిన మట్టి మీద తెల్లపూత వేసినది. వీటి మీద నలభై ఒక్క మందిని ఫోన్‌లో సర్వే చేసింది.

"స్టీలు అంటే జనానికి ఆసుపత్రి గుర్తొస్తోంది. రాగి అంటే డబ్బున్నవాళ్ళు అనుకుంటున్నారు. తెల్లటి కాల్చిన మట్టి మీద నమ్మకం నలభై ఆరు శాతం. బ్రెంట్ మీద ముప్పై ఒకటి. కాబట్టి ప్రతి ఫొటోలోనూ సింకు ఉండాలి."

"నేను?" అన్నాడు బ్రెంట్.

"వీలైన చోటల్లా."

కొలతలకి మెల్విన్ వచ్చాడు. హార్లన్‌కి చిన్నాన్న కొడుకు. నలభై ఏళ్ళు ప్లంబింగ్ చేసి, పోయినేడాది మోకాళ్ళు మొరాయిస్తే మానేశాడు. టెస్ అతన్ని నిపుణుడిగా సంప్రదించింది.

"మెల్విన్ గారూ, పొలం ఇళ్ళల్లో ఇవే వాడతారు కదా?"

"ఇలాంటివి ఓ అరవై దాకా పట్టుకున్నానమ్మా నా చేతుల్తో."

"పెట్టారా?"

"పీకాను. గిన్నె జారితే పగలని స్టీలు కావాలన్నారు అందరూ."

"పీకినవి ఏం చేశారు?"

"కొన్నింట్లో దూడలు నీళ్ళు తాగుతున్నాయి. కొన్నింట్లో పూలమొక్కలు పెట్టారు."

"డ్వేన్ బ్రెకీ గారింట్లో ఏముంది?"

"స్టీలే. రెండు గుంటలది."

టెస్ వెంటనే రాసుకుంది. "ప్రత్యర్థి ఇంట్లో ఫార్మ్‌హౌస్ సింకు లేదు. ఇది మనకి పెద్ద అవకాశం," అంది.

మంగళవారం సింకు దిగింది. నూట ఇరవై పౌండ్ల బరువు. నలుగురు పట్టుకుని లోపలికి తెస్తుంటే ఆర్డిస్ తలుపు పక్కన నిలబడి, ఎవరి కాలి మీద పడుతుందో ముందే తెలుసుకోవాలని నాలుగు జతల బూట్లనీ చూస్తూ ఉండిపోయింది. ఎవరి మీదా పడలేదు. దాంతో ఆవిడకి భయం ఇంకా ఎక్కువైంది. పడాల్సింది మిగిలిపోయింది కదా.

"వదినా, పాత క్యాబినెట్ ఈ బరువు మొయ్యదు. లోపల దుంగలతో చట్రం కొడుతున్నా," అన్నాడు మెల్విన్. "అయ్యాక దీని మీద ట్రాక్టర్ ఎక్కించినా ఆగుతుంది."

"ట్రాక్టర్ ఎందుకెక్కిస్తారు మెల్విన్? అది కూడా ఉందా కార్యక్రమంలో?"

సింకు ఇంటికి రాకముందే ఒక చరిత్రాత్మకమైన పని జరిగిపోయింది. గట్టుని అభ్యర్థి స్వహస్తాలతో కోశాడు. ఇలాంటి సింకు ముందు వచ్చి కూర్చున్నాక, దాన్ని కొలిచి, అప్పుడు కొయ్యాలని మెల్విన్ మొత్తుకున్నాడు. "కాల్చిన మట్టి రొట్టె లాంటిది. రెండు ఒక్కలా పొంగవు," అన్నాడు. కానీ వీడియో సోమవారమే తియ్యాలని టెస్ పట్టుబట్టింది. బ్రెంట్ గళ్ళ చొక్కా చేతులు పైకి మడిచి, కంపెనీ వాళ్ళ కాగితం మీది గీతని చూసి కోశాడు. సింకు వచ్చి కూర్చుంటే కుడివైపు వేలు దూరేంత సందు మిగిలింది.

"పర్వాలేదు. మనిషి చేత్తో చేసిన పని అని తెలుస్తుంది," అంది టెస్.

సందుని తెల్లటి జిగురుతో పూడ్చారు. ఇంక పాతగా కనిపించాలి కదా అని టెస్ రాత్రంతా అందులో కాఫీ నిలవుంచింది. పొద్దున తుడిస్తే ముత్యంలా తేలింది. ఇనుప పీచుతో రుద్దింది. పీచు అరిగింది.

"జీవితాంతం పాతబడదని కంపెనీ వాళ్ళు గ్యారంటీ రాసిచ్చారమ్మా," అన్నాడు మెల్విన్. "నువ్వు ఒక్క రోజులో ఆ గ్యారంటీ తప్పించాలని చూస్తున్నావు."

చివరికి పార్టీ వైఖరి మారింది. ఇది ఆ సింకు కాదు, అలాంటి సింకు. అమ్మకి జ్ఞాపకంగా కొడుకు పెట్టించింది. "ఇదయితే ఇంకా బాగుంది. కన్నీళ్ళొస్తాయి," అంది టెస్. ఆర్డిస్‌కి నిజంగానే వచ్చాయి.

గురువారం మెల్విన్ టార్చి పట్టుకుని సింకు కింద దూరాడు. తర్వాత అతని గొంతు వినపడింది.

"ఇలా కూడా చెయ్యొచ్చు."

ఆర్డిస్ కుర్చీలో కూలబడింది. మా వైపు ప్లంబర్ ఆ మాటన్నాడంటే తెలివైనవాళ్ళు ఇల్లు అమ్మేసుకుంటారు.

"ఏమైంది?" అంది టెస్.

"పాత సింకు లోతు ఏడంగుళాలు. ఇది పది. నీళ్ళు పోయే గొట్టం గోడలో ఇదిగో, ఇక్కడుంది. సింకు కింది వంపు గొట్టం దానికంటే దిగువకి వచ్చేసింది. అంటే నీళ్ళు కిందనుంచి పైకి ఎక్కాలి."

"ఎక్కవా?"

"ఇప్పటిదాకా ఎక్కలేదు."

"దీనికి మందు?"

"గోడ కోసి గొట్టం కిందికి దించాలి. పూట పని. కాకపోతే కౌంటీ పర్మిట్ కావాలి. పది పనిదినాలు పడుతుంది."

హాలిస్ ఫొటో తీసే కాఫీ కార్యక్రమం శనివారం. బ్రెంట్ ముఖం గంభీరంగా మారింది. పర్మిట్ లేకుండా ఎవరూ గోడలో గొట్టం కదపకూడదనే ఆ నిబంధన చాలా గొప్పది. పోయిన శీతాకాలమే కౌంటీ ప్లానింగ్ కమిషన్ దాన్ని ఏకగ్రీవంగా ఆమోదించింది. "మా అమ్మ వంటిల్లయినా సరే, మినహాయింపు ఉండదు" అని కమిషన్ సభ్యుడొకాయన అన్న మాటని హాలిస్ మొదటి పేజీలో అచ్చేశాడు. ఆ సభ్యుడితో మాట్లాడి ఏదైనా దారి చూడొచ్చేమోనని బ్రెంట్ కాసేపు ఆలోచించాడు. తర్వాత ఆ సభ్యుడు తనేనని గుర్తొచ్చింది.

"బకెట్ పెడదాం," అన్నాడు.

ఐదు గాలన్ల బకెట్ సింకు కింద పెట్టి, క్యాబినెట్ తలుపు మూశారు. బయటికి ఏమీ తెలియడం లేదు. "బ్రెంట్ ఒక్క టమాటా కడుగుతాడు. ఫొటో. అయిపోయింది. ఐదు గాలన్లంటే చాలా ఎక్కువ," అంది టెస్.

ఆర్డిస్ బాధ బకెట్ కాదు. ఆ కాఫీకి పిలిచింది చర్చి మహిళా మండలిని.

"లోర్నా వస్తుంది," అంది.

"ఆవిణ్ణి పిలవకండి," అంది టెస్.

"అమ్మాయీ, నలభై ఏళ్ళుగా మా మండలిలో ఒకళ్ళని వదిలేసి మిగతావాళ్ళని పిలవడం లేదు. ఒక్కసారే జరిగింది. ఆవిడ చచ్చిపోయిందనుకున్నాం."

ఆ రెండు రోజులూ ఆర్డిస్ ఒక పద్ధతి ప్రకారం భయపడింది. నేల దిగబడడం, జిగురు ఊడడం, బకెట్ చిల్లు పడడం, హాలిస్ అడగడం, లోర్నా నవ్వడం, తన మెడ ఎర్రబడడం, బ్రెంట్ ఓడిపోయి బీమా ఆఫీసులోనూ తలెత్తుకోలేకపోవడం. మెడ కోసం గొంతుదాకా వచ్చే స్వెట్టరు తీసి పెట్టుకుంది. భయపడాల్సినవాటన్నిటికీ భయపడ్డానని ఆవిడ అనుకుంది. కానీ రోజూ తను చేసే పనికి ఎవరు భయపడతారు?

శనివారం ఇరవై మూడు మంది ఆడవాళ్ళొచ్చారు. కేకులా కాల్చి ముక్కలు కోసిన తీపి బార్లు పదకొండు రకాలు తెచ్చారు. పేపరు కప్పులు పెడదామని టెస్ అంటే ఆర్డిస్ ఒప్పుకోలేదు. "చావు భోజనాలకి కూడా మేం పేపరు కప్పులు వాడం," అని గాజుతలుపుల బీరువాలోంచి మంచి కప్పులు, సాసర్లు, ప్లేట్లు తీసింది.

బ్రెంట్ సింకు దగ్గర నిలబడి, జన్మలో మొదటిసారి టమాటాని చూస్తున్నట్టు చూస్తూ కడిగాడు. హాలిస్ ఫొటో తీశాడు. టెస్ కుళాయి కట్టేసింది. ఆడవాళ్ళంతా వరసగా వచ్చి సింకుని చూశారు.

"కొత్తగా ఉంది," అంది ఒకావిడ.

"అవును, చాలా కొత్తగా ఉంది," అంది రెండో ఆవిడ.

టెస్ ముఖం వెలిగిపోయింది.

లోర్నా బ్రెకీ మాత్రం సింకు మాటెత్తలేదు. పొద్దున నాలుగున్నరకి పాలు పితికి, స్నానం చేసి, నిమ్మకాయ బార్లు చేసి తెచ్చింది. ఆర్డిస్ పక్కనే కూర్చుని బ్రెంట్ ఎంత బరువు పెరిగాడో చెప్పింది. మీ ఆయన ఎలా ఉన్నాడని ఆర్డిస్ అడిగితే, "పోటీ చేస్తున్నాడట. నాకూ పేపర్లో చూసే తెలిసింది," అంది.

కప్పులు ఖాళీ అయ్యాయి. అప్పుడు ఏ ఆజ్ఞా లేకుండా ఇరవై మూడు మందీ లేచారు. చేతుల గుండీలు విప్పి మోచేతుల పైకి మడిచారు.

ఇది టెస్ సర్వేలో రాలేదు. మా ఊళ్ళో ఒక ఇంట్లో తిన్నవాళ్ళు ఆ ఇల్లాలికి ఎంగిలి గిన్నె వదిలి వెళ్ళరు. పార్టీలు వేరైనా, మాటలు లేకపోయినా, గిన్నెలు తోమే వెళ్తారు.

"వద్దు లోర్నా, నేను తర్వాత చేసుకుంటాను," అంది ఆర్డిస్.

"దానికేముందిలే."

"నిజంగా వద్దు."

"ఎంతసేపు పని."

"నా మాట విను లోర్నా."

మూడుసార్లు వద్దనడం మా దగ్గర మర్యాద. మూడోసారి అయిందంటే ఒప్పుకున్నట్టే లెక్క. లోర్నా కుళాయి పూర్తిగా తిప్పింది.

పదంగుళాల లోతున్న సింకు నిండడం చూడ్డానికి ఎంతో నిండుగా ఉంటుంది. కప్పులు మునిగాయి. నురగ లేచింది. తర్వాత లోర్నా మురికి నీళ్ళు వదిలి, మంచి నీళ్ళు పట్టడానికి అడుగున బిరడా లాగింది.

క్యాబినెట్ లోపల బకెట్ ఒక శబ్దం చేసింది.

"చిన్న సర్దుబాటు," అంటూ అభ్యర్థి నేల మీద బోర్లా పడుకుని, తలుపు తెరిచి, భుజాల దాకా లోపలికి పోయాడు. నిండిన బకెట్ లాగి, టెస్ అందించిన ఇంకో బకెట్ పెట్టాడు. నిండినదాన్ని రెండు చేతుల్తో పట్టుకుని పెరటి తలుపు లోంచి పరుగెత్తి, తులిప్ పూల మీద పోసి వచ్చాడు. వచ్చేసరికి రెండోది నిండింది. మళ్ళీ బోర్లా పడ్డాడు. మళ్ళీ పరుగెత్తాడు. గట్టి పనిమంతుడని ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆడవాళ్ళెవరూ కిందికి చూడలేదు. అతను పాక్కుంటూ దగ్గరికొస్తే, వాక్యూమ్ క్లీనర్ వస్తే ఎత్తినట్టు పాదాలు ఎత్తి, వాతావరణం గురించి మాట్లాడుకున్నారు. ఈసారి మొక్కజొన్న ఆలస్యంగా వేస్తారట. ఒకావిడ తన చెప్పు తడిసినా, ఆ చెప్పు తనది కానట్టే నిలబడింది.

ఐదో బకెట్ దగ్గర అతని చేతులు జారాయి. నీళ్ళు చొక్కా మీంచి, ముఖం మీంచి, నేల మీదికి పరుచుకున్నాయి. నేల దిగబడలేదు. మెల్విన్ చట్రం మంచి గట్టిది.

అప్పుడు హాలిస్ నోట్ పుస్తకం తెరిచాడు.

"ఆర్డిస్ గారూ, ఒక్క మాట. బ్రెంట్ గారికి చిన్నప్పుడు మీరు స్నానం చేయించింది ఇలాంటి సింకులోనేనా?"

తువ్వాళ్ళు ఆగిపోయాయి. ఇరవై మూడు మందీ కప్పుల్నే చూస్తున్నారు. టెస్ పెదాలతో ఏదో అందిస్తోంది. స్వెట్టరు మెడ లోపల ఆర్డిస్‌కి వేడి పైకి పాకుతోంది. అది చెవుల దాకా వచ్చిందని ఆవిడకి తెలుసు. చెవులకి స్వెట్టర్లుండవు.

ఆవిడ నోరు తెరిచింది. కొడుకు వైపు చూసింది. బ్రెంట్ మోకాళ్ళ మీద ఉన్నాడు. జుట్టు నుదుటికి అతుక్కుపోయింది. గడ్డం నుంచి నీళ్ళు కారుతున్నాయి. తల మీద నీళ్ళు పోస్తే ఏడవాలో నవ్వాలో తెలియని పసివాడిలా, అమ్మ ఏమంటుందోనని పైకే చూస్తున్నాడు.

ఆర్డిస్ నోరు మూసుకుంది.

హాలిస్ పెన్సిల్ కాగితం మీద ఆనించి పట్టుకున్నాడు. తలుపు దగ్గరున్న మెల్విన్ గొంతు సవరించుకుని, దాన్ని కూడా మధ్యలో ఆపేశాడు. ఎవరో ఒకరు ఏదో ఒకటి అంటారని అందరూ ఎదురుచూశారు. మా దగ్గర అంతసేపు ఎవరూ ఎదురుచూడరు. అంతలోపలే ఎవరో కాఫీ పోస్తారు.

లోర్నా బ్రెకీ మోచేతుల దాకా నురగతో, ఇటు తిరక్కుండానే కుళాయి కట్టేసింది. ఒక కప్పు కడిగి, వెలుగులో తిప్పి చూసి, పక్కావిడ చేతికి అందించింది.

"అచ్చం ఇలాంటి సింకే హాలిస్," అంది. "సబ్బు అందించింది నేనే."